లెక్క తప్పింది వేదిక మీద

ప్రీ-రిలీజ్ వేడుకల్లో చప్పట్లు ఖాయంగా పడే మాటలు కొన్నున్నాయి. అమ్మ గురించి ఒకటి, అభిమానుల గురించి ఒకటి. మూడోది చదువు గురించి. తనకు లెక్కలు రాలేదనీ, ఇంటర్‌లో బీజగణితం అర్థమే కాలేదనీ, ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ ఇంతవరకూ ఒక్కనాడూ అక్కరకు రాలేదనీ, అయినా ఇవాళ ఈ వేదిక మీద నిలబడ్డాననీ చెప్పే మాట అది. ఎవరన్నారో నేను చెప్పను. ఒక్కరైతే కదా చెప్పడానికి! ఫిల్మ్ నగర్‌లో మైకు పట్టుకునే మనిషి మారతాడు, మాట మారదు. వేదిక దిగాక కాఫీల దగ్గర దీనికే ఇంకాస్త చదువుకున్న రూపం వినిపిస్తుంది: ఎంసెట్ కోసం పిల్లల చేత వేలకొద్దీ లెక్కలు చేయించడమంటే బట్టీ పట్టించడమేనట, అది వాళ్ల ఊహాశక్తిని చంపేస్తుందట.

మొదటి మాట సరదాకి అన్నదని వదిలేయవచ్చు. రెండోదాన్ని వదలకూడదు. అది తప్పు. బట్టీకీ సాధనకూ తేడా తెలియక చేస్తున్న తప్పు. బీజగణితంలో బట్టీ పట్టకుండా తప్పించుకోవడానికి పిల్లలకున్న దారి ఒక్కటే, కూర్చుని లెక్కలు చేయడం. బట్టీ వద్దంటూ ఆ ఒక్క దారినే మూసేయమంటున్నారు వీళ్లు.

(ఎంసెట్ అనే పేరు ఇప్పుడు లేదని నాకూ తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి అది ఈఏపీసెట్. ఇళ్లలో మాత్రం ఇంకా ఎంసెటే. నేనూ అలాగే అంటాను.)

ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. వాళ్ల కోపానికి కారణం లేకపోలేదు. తెల్లవారకముందే లేపి రాత్రి పదిదాకా స్టడీ అవర్ల పేరుతో కూర్చోబెట్టే హాస్టళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి. వారం వారం ర్యాంకుల జాబితా గోడకు అంటించి, మార్కుల ప్రకారం సెక్షన్లు మార్చే కాలేజీలున్నాయి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో జరిగిన గందరగోళాన్నీ, ఆ రోజుల్లో పోయిన పిల్లల ప్రాణాలనూ ఎవరూ మరచిపోకూడదు. 2023లో వచ్చిన ‘సార్’ సినిమా ఈ వ్యాపారం మీదే గురిపెట్టింది. ధనుష్ వేసింది లెక్కల లెక్చరర్ పాత్ర. అందులో విలన్ చదువును సరుకు చేసినవాడు. ఆ సినిమా నాకు నచ్చింది. ఎందుకంటే అది లెక్కలను తిట్టలేదు, ఫీజును తిట్టింది. మన వేదికల మీద జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. హాస్టల్ క్రూరత్వాన్ని తిట్టాలంటే ఆ యాజమాన్యాల పేర్లు ఎత్తాలి; వాటిలో కొన్ని రేపు మన సినిమా పక్కనే ప్రకటన ఇచ్చేవి కావచ్చు. బీజగణితాన్ని తిడితే ఎవరికీ కోపం రాదు, దాని తరఫున ఫోన్ చేసేవాడు లేడు.

ఇక అసలు విషయం. బట్టీ అంటే ఏమిటో, సాధన అంటే ఏమిటో ఒక్క లెక్కతో చూపిస్తాను. ఎంసెట్ రాసిన ప్రతివాడూ దీన్ని ఏదో ఒక వేషంలో చూసే ఉంటాడు.

ఎక్స్ + 1/ఎక్స్ = 1 అయితే, ఎక్స్ 2025వ ఘాతానికి, దాని వ్యుత్క్రమాన్ని కలిపితే ఎంత?

షార్ట్‌కట్ పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది: ఇలా వస్తే ఎక్స్³ = −1 అని రాసెయ్. పిల్లవాడు గుర్తు పెట్టుకుంటాడు. 2025ను 3తో భాగిస్తే 675, అది బేసి సంఖ్య, కాబట్టి −1. రెండు కలిపితే −2. ఇరవై సెకన్లలో అయిపోయింది. ఒక మార్కు వచ్చింది. దీన్ని బట్టీ అంటే నేనూ సై అంటాను.

ఇప్పుడు ప్రశ్న తయారుచేసేవాడు కుడివైపు 1ని తీసేసి −1 పెట్టాడు. బట్టీ పట్టినవాడు అదే వాక్యం అతికించి −2 అంటాడు. ఆప్షన్లలో −2 తప్పకుండా ఉంటుంది, అది అతని కోసమే అక్కడ పెట్టింది. సరైన జవాబు 2. ఇంకోసారి కుడివైపు √3 పెట్టాడు, 2022వ ఘాతం అడిగాడు. బట్టీ పట్టినవాడి దగ్గర ఆ వాక్యం లేదు. పేజీలు తిరగేయడానికి పరీక్ష హాల్లో పుస్తకమూ లేదు.

సాధన చేసిన అమ్మాయి ఏం చేస్తుంది? మొదటి రోజే తనకు అనుమానం వచ్చి ఉంటుంది: ఈ −1 ఎక్కడినుంచి ఊడిపడింది? సమీకరణాన్ని ఎక్స్‌తో గుణిస్తే ఎక్స్² − ఎక్స్ + 1 = 0. బడి రోజులనుంచి చూస్తున్న ముఖమే ఇది, ఎక్స్³ + 1కి కారణాంకాలు రాసినప్పుడు రెండోవైపు కూర్చునేది. అయితే ఎక్స్ + 1తో గుణిద్దాం. ఎక్స్³ + 1 = 0. అదీ సంగతి. ఇక √3 వచ్చినరోజు ఆమె బెదరదు. రెండువైపులా వర్గం చేస్తుంది. ఎడమవైపు ఎక్స్² + 1/ఎక్స్² + 2, కుడివైపు 3. రెండు తీసేస్తే ఎక్స్² + 1/ఎక్స్² = 1. పాత లెక్కే తిరిగి వచ్చింది, ఎక్స్ ఉన్నచోట ఎక్స్² ఉంది, అంతే. కాబట్టి ఎక్స్²కి ఘనం −1, అంటే ఎక్స్⁶ = −1. 2022లో ఆరు 337 సార్లు పోతుంది, బేసి. జవాబు −2.

గమనించారా, ఆ వర్గం చేసిన చోట ఆమె వాడింది ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్. ఎవరికో ఎప్పుడూ పనికి రానిది.

ఇంకొంచెం ముందుకు పోతే ఇంకా మంచి ప్రశ్న ఎదురవుతుంది: అసలు ఈ ఎక్స్ విలువ ఎంత? ధన సంఖ్య ఏది తీసుకున్నా, దాన్ని దాని వ్యుత్క్రమంతో కలిపితే రెండుకు తగ్గదు. రుణ సంఖ్య అయితే మొత్తం −2కు పైకి రాదు. మరి కలిపితే 1 వచ్చిందంటే ఈ ఎక్స్ మనకు తెలిసిన సంఖ్యల్లో లేదు. సెకండియర్ రెండు-ఏ పుస్తకంలో సంకీర్ణ సంఖ్యల అధ్యాయం, దాని వెనకే డిమోవర్ సిద్ధాంతం ఎందుకున్నాయో ఆ క్షణాన తెలుస్తుంది. ఊహాశక్తిని చంపుతుందని అన్నారే, చేతికి అందని సంఖ్యను నమ్మి, దాని 2025వ ఘాతాన్ని కాగితం మీద రాబట్టడం కన్నా ఊహ ఇంకెక్కడుంటుందో నాకు తెలియదు. ఈ చోటికి చేరడానికి ఆ అమ్మాయికి కావలసింది ఒక పెన్సిలు, ఒక నోటుపుస్తకం, ఇలాంటి లెక్కలు ఓ యాభై, వాటిలో సగం మొదటిసారి తప్పు చేసే ఓపిక. ఆ యాభైనీ కొట్టేసి, ఊహ తనంతట తానే వస్తుంది పొమ్మంటే రాదు.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న వస్తుంది. న్యాయమైనదే. ఎంసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ప్రశ్నకు 67 సెకన్ల చిల్లర. ఇంత పరుగులో ఆలోచన ఎక్కడుంటుంది, బట్టీ కాక మరేముంటుంది అంటారు. ఈ అరవై ఏడు సెకన్ల మీదే మన షార్ట్‌కట్ వ్యాపారమంతా నిలబడింది. కానీ పొరపాటు అక్కడే ఉంది. పరీక్షలో వేగంగా చేయాలి కాబట్టి సాధన కూడా వేగంగానే చేయాలని ఎవరు చెప్పారు? ముక్కోణం ఏ మూలన ఉందో, ఏ పదాన్ని కలిపితే పూర్ణవర్గం అవుతుందో కంటికి చటుక్కున కనిపించాలంటే, అంతకుముందు ఎన్నోసార్లు తీరిగ్గా కనిపించి ఉండాలి. ఒక్క లెక్కతో ముప్పావు గంట కుస్తీ పట్టినవాడే పరీక్షలో దాన్ని ముప్పై సెకన్లలో పట్టుకుంటాడు. స్టాప్‌వాచీ పెట్టి జూన్ నెలనుంచే తరిమే కాలేజీలు ఈ క్రమాన్ని తలకిందులు చేశాయి. తప్పు వాటిది. దానికి శిక్ష బీజగణితానికి ఎందుకు?

షార్ట్‌కట్‌ల మీదా నాకు పగ లేదు. ద్విపద విస్తరణలో గుణకాల మొత్తం ఎంత అంటే ఎక్స్ స్థానంలో 1 వేసెయ్ అంటారు. (3ఎక్స్ − 2) యాభయ్యో ఘాతం విస్తరిస్తే యాభై ఒక్క పదాలొస్తాయి. 1 వేస్తే మొత్తం 1 అని ఒక్క గీతలో తేలిపోతుంది. ఇది దొంగదారి కాదు, అచ్చమైన బీజగణితం. ఒక సర్వసమీకరణం ఎక్స్ ఏ విలువకైనా నిజం కాబట్టి మనకు అనువైన విలువ మనం ఎంచుకోవచ్చు. కానీ ఆ ‘కాబట్టి’ చెప్పకుండా ‘ఒకటి వేసెయ్’ మాత్రం నేర్పితే పిల్లవాడు మామూలు సమీకరణంలోనూ 1 వేసి చేతులు కాల్చుకుంటాడు. వర్గమూలం కింద ఎక్స్ + 3 ఉంది, అది ఎక్స్ − 3కు సమానం. రెండువైపులా వర్గం చేస్తే 1, 6 అని రెండు మూలాలు వస్తాయి. 1 వేసి చూడండి: ఎడమవైపు 2, కుడివైపు −2. ఆ మూలం మనం వర్గం చేసిన పాపానికి పుట్టింది, అసలు సమీకరణానిది కాదు. దాన్ని పట్టుకోవడానికి తెలివితేటలు పెద్దగా అక్కర్లేదు, వచ్చిన జవాబును మళ్లీ మొదటికి తీసుకెళ్లి సరిచూసుకునే అలవాటు చాలు. ఆ అలవాటు ఉపన్యాసం వింటే రాదు. ఎంసెట్‌లో తప్పుకు మార్కు కోయరు కాబట్టి ఎలాగో గట్టెక్కుదామనుకున్నా, జేఈఈ మెయిన్ లెక్కల్లో 25 ప్రశ్నలకు అయిదింటికి ఆప్షన్లే ఉండవు, సంఖ్య కొట్టాలి. ఆప్షన్లు వెనకనుంచి వేసి చూసే విద్య అక్కడ పారదు.

బట్టీ అంటే అసహ్యం ఫిల్మ్ నగర్‌కు ఎక్కడినుంచి వచ్చిందో ఊహించగలను. ‘త్రీ ఇడియట్స్’ 2009లో వచ్చింది. దాని తమిళ రూపం 2012లో ‘స్నేహితుడు’ పేరుతో తెలుగులోకీ దిగింది. అందులో అర్థం తెలియకుండా ఉపన్యాసం బట్టీ పట్టి నవ్వులపాలయ్యే కుర్రాడు అందరికీ గుర్తున్నాడు. అందరూ మరచిపోయిందేమిటంటే, హీరోకి ప్రతిసారీ క్లాసులో ఫస్టు వస్తుంది. ఆ ఫస్టు ఎలా వచ్చిందో సినిమా చూపించలేదు. చూపించనిది జరగలేదని మనం తీర్మానించుకున్నాం. మనవాళ్ల సినిమాల్లోనూ అంతే. చదువుకునే ఏడాది మొత్తం ఒక మాంటేజ్ పాటలో పోతుంది. క్యాలెండర్ కాగితాలు ఎగురుతాయి, టేబుల్ లైటు వెలుగుతుంది, టీ గ్లాసు చల్లారుతుంది, మూడు నిమిషాల తర్వాత ర్యాంకు. కొట్టివేసిన పేజీ ఒక్కటీ కనపడదు. లేదంటే లెక్చరర్‌ను జోకర్‌ను చేసే పాత ఆనవాయితీ ఉండనే ఉంది. ఆ నవ్వులు పండించినవాళ్లలో అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా చేసిన బ్రహ్మానందం గారు, భీమవరంలో తెలుగు లెక్చరర్‌గా చేసిన ఎం.ఎస్. నారాయణ గారు కూడా ఉన్నారు. పాఠం చెప్పి వచ్చినవాళ్లకే పాఠాన్ని వెక్కిరించే వేషాలివ్వడం మన పరిశ్రమ చమత్కారం.

అదే ప్రేక్షకుడు ‘జెర్సీ’లో ముప్పై ఆరేళ్ల మనిషి మళ్లీ బ్యాటు పట్టి నెట్స్‌లో చెమటోడుస్తుంటే కళ్లు తుడుచుకున్నాడు. అదే షాటు, అదే బంతి, మళ్లీ మళ్లీ. దాన్ని బట్టీ అన్నవాడు ఒక్కడూ లేడు. బ్యాటుకు గౌరవమిచ్చే చేత్తోనే పెన్సిలును ఎందుకు చిన్నబుచ్చాలి?

ఇలా అంటే వెంటనే రామానుజన్‌ను తెస్తారు. ఆయన ఎఫ్.ఏ. (అప్పటి ఇంటర్) తప్పాడు కదా, పరీక్షల చదువు ఆయనకు పనికొచ్చిందా అని. తప్పాడు, నిజమే. గణితంలో కాదు, గణితం తప్ప మిగతావి పట్టించుకోక తప్పాడు. కుంభకోణంలో స్కాలర్‌షిప్ పోయింది, మద్రాసు పచ్చయప్ప కాలేజీలోనూ గట్టెక్కలేదు. కానీ ఆయన్ను గణితంలోకి లాగిన పుస్తకం ఏది? జి.ఎస్. కార్ అనే ఇంగ్లీషాయన కూర్చిన సూత్రాల సంకలనం. 1903 ప్రాంతంలో, పదహారేళ్ల వయసుకు అటూ ఇటూగా, రామానుజన్ చేతికి వచ్చింది. వేలకొద్దీ ఫలితాలు, వరస నంబర్లతో, చాలావాటికి నిరూపణ లేకుండా. ఆ కార్ ఎవరంటే, కేంబ్రిడ్జ్ ట్రైపాస్ పరీక్షకు కుర్రాళ్లను తయారుచేసే ప్రైవేటు ట్యూటర్. ఇవాళ్టి మాటలో చెప్పాలంటే కోచింగ్ మాస్టారు. ఆ పుస్తకం ఆయన కోచింగ్ నోట్సులోంచి పుట్టిన గైడు. రామానుజన్‌ను తయారుచేసింది ఒక గైడు పుస్తకం! దాన్ని ఆయన బట్టీ పట్టి ఉంటే మనకు ఆ పేరే తెలిసేది కాదు. కాగితం ఖరీదు కాబట్టి పలక మీద ఒక్కో ఫలితాన్నీ తానే సాధించుకుంటూ, మోచేత్తో చెరుపుకుంటూ పోయాడు. పుస్తకం బట్టీదా, సాధనదా అన్నది పుస్తకంలో ఉండదు, దాని ముందు కూర్చున్నవాడు ఏం చేశాడన్నదాంట్లో ఉంటుంది. మేధావికి అభ్యాసం అక్కర్లేదని చెప్పడానికి రామానుజన్ పనికిరాడు. మీ సాక్షి నా పక్షాన చెబుతున్నాడు.

కథకూ లెక్కకూ పడదన్న మాట కూడా ఇక్కడ తరచు వింటాను. లెక్కలు తెలిసినవాడు కథ రాయలేడట. తెలుగులో గణితం మొదట వచ్చిందే పద్యంలో. మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలు చేశాడు. అంత పాతకాలం ఎందుకు, ఫిల్మ్ నగర్‌లోనే చూడండి. సుకుమార్ గారు కాకినాడలో జూనియర్ కాలేజీలో లెక్కలు, ఫిజిక్స్ చెప్పిన మనిషి. అభిమానులు ఇప్పటికీ లెక్కల మాస్టారనే పిలుస్తారు. 2011లో ఆయన తీసిన ‘100% లవ్’ కథంతా ఫస్టు ర్యాంకు చుట్టూ తిరిగేదే. త్రివిక్రమ్ గారిది ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ ఎమ్మెస్సీ. శేఖర్ కమ్ముల గారు సీబీఐటీలో ఇంజనీరింగ్ చదివి, అదే ఆవరణలో ‘హ్యాపీ డేస్’ తీశారు. బీజగణితం చేస్తే దర్శకులవుతారని నేననడం లేదు, అంత తేలికైతే మాదాపూర్ నిండా దర్శకులే ఉండేవారు. లెక్కలు చేస్తే కథ చచ్చిపోతుందన్న మాట మాత్రం వీళ్ల పక్కన నిలబడదు.

ఇక ఆ మొదటి మాట, జీవితంలో పనికి రాలేదన్నది. మల్టీప్లెక్స్ టికెట్ 295 రూపాయలు, అందులో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంది, పన్ను ఎంత? 295లో 18 శాతం కట్టి 53 రూపాయల పది పైసలని ఠక్కున చెప్పేవాళ్లు ఈ వ్యాపారంలోనే కనపడతారు. అసలు ధర ఎక్స్ అనుకుంటే దానికి 1.18 రెట్లు 295, కాబట్టి ఎక్స్ 250, పన్ను 45. టికెట్టుకు ఎనిమిది రూపాయల తేడా. లక్ష టికెట్లకు ఎంతో, గ్రాసు పోస్టర్లు వేసేవాళ్లే గుణించుకోవచ్చు. కెమెరా అసిస్టెంటు కంఠస్థం చేసే లెన్సు అంకెలు, 1.4, 2, 2.8, 4, 5.6, 8, ఒక్కొక్కటి ముందుదానికి √2 రెట్లు. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఒక్కో మెట్టుకు కాంతి సగమవుతుంది. ఇలాంటివి ఇంకో పది చెప్పగలను. చెప్పను, ఎందుకంటే బీజగణితాన్ని ఈ వాదం మీద నిలబెట్టడం నాకిష్టం లేదు. వర్గ సమీకరణం మూలాల సూత్రం చాలామందికి ఇంటర్ తర్వాత మళ్లీ తగలదు. తగలకపోతే ఏం? పెద్దయ్యాక ఎవరూ ప్రబంధ పద్యానికి ప్రతిపదార్థం చెప్పమని అడగరు, అయినా తెలుగు పాఠం దండగని ఏ హీరోగారూ వేదిక మీద అనరు, అంటే గొడవైపోతుంది. దిక్కులేనిది లెక్క ఒక్కటే.

నాకు కోపం తెప్పించేది వేరే ఉంది. ఆ చప్పట్లు ఎవరు కొడుతున్నారో చూడండి. చెక్‌పోస్టు దిగి కృష్ణానగర్ వైపు, యూసుఫ్‌గూడ వైపు, ఇందిరానగర్ ఇరుకు గదుల్లోకి తిరిగి వెళ్లే పిల్లలు. తండ్రి లైట్‌మన్, తల్లి జూనియర్ ఆర్టిస్టు, షూటింగ్ ఉన్నరోజే బత్తా. ఆ ఇంటి పిల్లకు ఎంసెట్ ర్యాంకు అంటే గోడ మీద ఫొటో కాదు. తెలంగాణలో ఏళ్లుగా ఉన్న నిబంధన ప్రకారం బీసీ పిల్లలకు ర్యాంకు పదివేల లోపు వస్తే ఇంజనీరింగ్ ఫీజు పూర్తిగా ప్రభుత్వం కడుతుంది. ఆ గీత దాటితే 35 వేల దగ్గర ఆగిపోతుంది, మిగతాది ఇంట్లోవాళ్లు చూసుకోవాలి. 80 మార్కుల లెక్కల్లో వర్గ సమాసాలు, సమీకరణ వాదం, మాత్రికలు, ప్రస్తారాలు-సంయోగాలు, ద్విపద సిద్ధాంతం, ఇవన్నీ బీజగణితమే. ఇవి డబ్బుతో కొనే చదువులు కావు. తెలుగు అకాడమి పుస్తకమూ, పాత ప్రశ్నపత్రాలూ ఉంటే మిగిలింది సమయం. లేనివాళ్లకు ఉన్నవాళ్లతో సమానంగా దొరికే ఆయుధాలు చాలా తక్కువ. వాటిలో ఒకదాన్ని చేతులారా కింద పడేయమని ఉన్నవాళ్లు వేదికెక్కి సలహా ఇస్తున్నారు. లెక్కలు రాకపోయినా నేను గెలిచాను అని చెప్పే మనిషి, తనలాగే లెక్కలు రాక, సినిమాల్లోనూ గెలవక, ఇవాళ్టికీ కృష్ణానగర్ కూడలిలో ప్రొడక్షన్ వ్యాను కోసం నిలబడే వందలమంది సంగతి చెప్పడు. ఆయనకు తెలియక కాదు. రోజూ ఆ దారినే వస్తాడు.

2025లో వచ్చిన ‘లిటిల్ హార్ట్స్’లో ఎంసెట్ తప్పిన కుర్రాణ్ని తండ్రి లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో పడేస్తాడు. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను, బాగా తీశారు. కానీ ఒక ఏడాది లాంగ్‌టర్మ్‌కు పంపగలిగిన తండ్రి ఉన్న కథ అది. రెండో ఏడాది అనేదే లేని ఇళ్లలో నవ్వు ఇంకోలా ఉంటుంది.

మరి సలహా ఇచ్చేవారి పిల్లలు? జూబ్లీహిల్స్‌లో చాలా ఇళ్లలో ఎంసెట్ మాటే లేదు, బోర్డే వేరు. హమ్మయ్య, ఈ పిల్లలైనా బీజగణితం బారినుంచి తప్పించుకున్నారనుకుంటాం. వాళ్లు అమెరికా కాలేజీల కోసం శాట్ రాస్తారు. ఆ పరీక్షలో లెక్కల భాగం 44 ప్రశ్నలు, 70 నిమిషాలు. అందులో దాదాపు 35 శాతం ఆల్జీబ్రా, ఇంకో 35 శాతం అడ్వాన్స్‌డ్ మ్యాథ్ అని పేరు పెట్టిన వర్గ సమీకరణాలు, బహుపదులు, ఘాతాంకాలు. అంటే మూడింట రెండు వంతులకు పైగా బీజగణితమే. తెర మీద కాలిక్యులేటర్ ఇస్తారు, ఆలోచించడం మాత్రం వీళ్లే చేయాలి. దానికి ఇంటికొచ్చే ట్యూటరు ఉంటాడు, వారానికో ప్రాక్టీసు టెస్టు ఉంటుంది, తప్పుచేసిన ప్రశ్నలకు వేరే నోటుపుస్తకం ఉంటుంది. ఆ ఇంట్లో దీన్ని బట్టీ అని ఎవరూ అనరు. ప్రిపరేషన్ అంటారు.

తప్పేం లేదు, చేయించండి. మీ పిల్లలు కూడా కూర్చుని చేయవలసిందే. వచ్చే వేడుకలో మైకు అందుకున్నప్పుడు మాత్రం ఆ టేబులు మీది పుస్తకాలను ఒకసారి తలచుకోండి. అబ్బాయి పరీక్ష అయిపోయాక వాటిని పాత పేపర్ల కుర్రాడికి తూకానికి వేయకండి. మీ కారు తోలే ఆయన కూతురు ఇంటర్ ఫస్టియర్‌లో ఉంది; అందులోని సమీకరణాలు ఇంగ్లీషులో ఉన్నా ఆమెకు అర్థమవుతాయి, ఎక్స్ అక్కడా ఎక్సే. పుస్తకాలు ఆమె చేతికివ్వండి. ఇచ్చేటప్పుడు, ఇవన్నీ జీవితంలో ఎక్కడ పనికొస్తాయమ్మా అని మాత్రం అనకండి.